పెద్దవాళ్లొచ్చినా లేవకూడని పని

నాకు కోపం ఎక్కువ. ఈ మాట ముందే చెప్పేస్తే తర్వాత చెప్పాల్సినవి తేలికవుతాయి. మా మిర్యాలగూడ ఇంట్లో అన్నదమ్ములు ఆస్తి పంచుకున్నప్పుడు మా నాన్న వాటాకు కాస్త చెలక భూమి, తాతగారి కోపం వచ్చాయని మా అమ్మ అనేది. చెలక ఎప్పుడో పోయింది, కోపం మాత్రం చెక్కుచెదరకుండా నాదాకా వచ్చింది. నర్సింగ్ స్కూల్లో టీచరుగా చేరాక పిల్లలు నన్ను వెనకాల ఎండుమిరపకాయ అనేవాళ్లు. ఆ సంగతి నాకు తెలుసు. నాకు తెలుసని మాత్రం వాళ్లకు తెలియనివ్వలేదు.

టీచరు కాకముందు, ఎనభైల్లో, కోదాడలో ఒక చిన్న దవాఖానలో స్టాఫ్ నర్సుగా చేశాను. ఒకరోజు పొద్దున మేళ్లచెరువు వైపు నుంచి, లారీలకు సున్నపురాయి ఎత్తే హమాలీ ఒకాయన ఛాతీ పట్టుకుని వచ్చాడు. బెంచీ మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయాడు. నాడి లేదు. డాక్టరు ఇంకా రాలేదు, దవాఖానలో నేనొక్కదాన్నే. ఛాతీ నొక్కడం మొదలుపెట్టాను. ఊపిరి ఇవ్వాలంటే నొక్కడం ఆపాలి. సూది మందు తేవాలంటే రెండూ ఆపి పక్క గదిలోకి పరిగెత్తాలి. ఆయనతో వచ్చిన ఇద్దరు గోడకు ఆనుకుని నన్నే చూస్తున్నారు. వాళ్లతో ఏం చేయించాలో నాకు తోచలేదు. ఆయన పోయాడు. ఆ రోజు నాకు అన్నం సయించలేదు. గుండె ఆగిన మనిషి దగ్గర గొప్ప నర్సు ఒక్కతె ఉండటం కన్నా, ఎవరి పని వాళ్లకు తెలిసిన మామూలు నర్సులు నలుగురు ఉండటం మేలని అప్పుడే బుర్రకెక్కింది.

బుర్రకెక్కిందే గానీ, సూర్యాపేటలో పిల్లలు చేతికి వచ్చినప్పుడు నేను మొదట నేర్పింది అది కాదు.

తొంభైల మొదట్లో విజయవాడ రోడ్డు మీదున్న ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సింగ్ స్కూలు పెట్టారు. నేను అందులో చేరాను. ఇరవై మంది ఆడపిల్లలు. తుంగతుర్తి, అనంతగిరి, మేళ్లచెరువు వైపు ఊళ్ల నుంచి ట్రంకు పెట్టెలు మోసుకుని వచ్చినవాళ్లు. మొదటి వారమంతా వాళ్లకు మర్యాద నేర్పాను. డాక్టరు వస్తే, టీచరు వస్తే, పెద్ద నర్సు వస్తే చేతిలో ఉన్నది కింద పెట్టాలి, లేచి రెండడుగులు వెనక్కి వేయాలి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడాలి. నేర్చుకోని పిల్ల వేళ్ల మీద స్కేలు పడింది. నెల తిరిగేసరికి నేను వార్డులో అడుగు పెడితే పిల్లలు గాలికి తలుపులు తెరుచుకున్నట్టు రెండు పక్కలా జరిగేవాళ్లు. చూసినవాళ్లు మెచ్చుకునేవాళ్లు. నాకూ మహా గర్వంగా ఉండేది.

ఆ ఇరవై మందిలో ఒక పిల్ల అనంతగిరి దగ్గర తండా నుంచి వచ్చింది. ఇంట్లో లంబాడీ, బయట తెలుగు. అమ్మానాన్న కూలికి పోతారు. ఆ తండాలో పదో తరగతి దాటిన మొదటి ఆడపిల్ల. చెయ్యి చాలా మంచిది. ఎండిపోయిన ముసలివాళ్ల చేతుల్లో నాకే దొరకని నరం ఆ పిల్లకు ఒక్క పోటుకు దొరికేది. గొంతు మాత్రం లేదు. ఏదన్నా అడిగితే జవాబు మన దాకా వచ్చేసరికి సగం దారిలోనే ఖర్చయిపోయేది. 'గట్టిగా చెప్పు' అని నేను అరిస్తే మిగిలిన సగం కూడా పోయేది.

ఒక మధ్యాహ్నం, వార్డులో ఆ పిల్లతోపాటు ఇంకో ముగ్గురు ఉన్నారు. తుంగతుర్తి నుంచి వచ్చిన రిటైర్డు పంతులు గారు ఒకాయన గుండెనొప్పితో చేరి మూడు రోజులైంది, తేరుకుంటున్నాడు. మందు ఇవ్వడానికి వచ్చిన ప్రతి పిల్లనూ ఎక్కం అప్పజెప్పించుకునేవాడు. పదమూడో ఎక్కం అడుగుతూ అడుగుతూ మధ్యలో ఆగిపోయాడట. చూస్తే నాడి లేదు.

వెంటనే ముగ్గురు పిల్లలు డాక్టరును పిలవడానికి పరిగెత్తారు. ముగ్గురూ. మా ఆసుపత్రిలో డాక్టరుకు ముందుగా కబురు చెప్పిన పిల్లకు మంచి పేరు వచ్చేది. ఆ పేరు కోసం ఒకరిని మించి ఒకరు ఉరికారు. మిగిలింది తండా పిల్ల. నేను పుస్తకంలో చూపించిన బొమ్మ గుర్తు చేసుకుని స్టూలు ఎక్కి ఛాతీ నొక్కడం మొదలుపెట్టింది. అంత గొంతులేని పిల్ల, ఎవరూ చెప్పకుండానే సరైన పని చేసింది.

అప్పుడు పెద్ద డాక్టరు గారు తలుపులోంచి లోపలికి వచ్చారు, వెనకే నేను. పిల్ల మమ్మల్ని చూసింది. చేతులు తీసింది. స్టూలు దిగింది, రెండడుగులు వెనక్కి వేసింది, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది.

ఏమైందని డాక్టరు అడిగారు. పిల్ల చెప్పింది వినపడలేదు. ఆయన మళ్లీ అడిగారు. స్టెతస్కోపు మెడలో లేదు, ఎవరో తెచ్చారు. నేను మందుల ట్రే కోసం కేకలేశాను. ఇదంతా జరుగుతున్నంతసేపూ ఆ పంతులు గారి ఛాతీ మీద ఎవరి చెయ్యీ లేదు. నాది కూడా లేదు. తర్వాత ఎంత నొక్కినా ఆయన తిరిగి రాలేదు.

సాయంత్రం డాక్టరు గారు నన్ను గదికి పిలిచారు. ఆయనది కోదాడ దాటాక వచ్చే ఊరు, మాట నెమ్మది, నిర్ణయం గట్టి. "ఆ అమ్మాయి మధ్యలో చేతులు తీసేసిందండీ. ఈ పనికి సరిపోదు. ఇంటికి పంపించెయ్యండి," అన్నారు. నేను సరేనని తల ఊపాను. తల ఎందుకు ఊపానో ఇప్పటికీ నాకు సిగ్గే. నా నోరు అందరి మీదా లేస్తుంది గానీ ఆ గదిలో లేవలేదు.

హాస్టలుకు పోతే పిల్ల అప్పటికే ట్రంకు పెట్టెలో బట్టలు సర్దుకుంటోంది. ఎవరూ చెప్పలేదు, తనకే తెలిసిపోయింది. నాకు మళ్లీ కోపం వచ్చింది. చేతులెందుకు తీశావని నిలదీశాను.

"మీరొచ్చిండ్రు గద మేడం," అంది.

అంతే. తప్పు నా మీదికి తోయలేదు. నేను నేర్పిన పాఠాన్ని ఇరవై మందిలోకీ శ్రద్ధగా నేర్చుకున్న పిల్ల అది. బట్టలు అక్కడే పెట్టమని చెప్పి, వెనుదిరిగి డాక్టరు గారి గదికి పోయాను. ఈసారి మా తాత కోపం పనికొచ్చింది. తప్పు ఆ పిల్లది కాదని, లేచి నిలబడమని నేర్పింది నేనేనని, పంపాలంటే నన్ను పంపమని ఒక్క ఊపిరిలో చెప్పేశాను.

నొక్కుతూనే ఉన్నా ఆ పంతులు గారు బతికేవాడో కాదో తనకూ తెలియదని డాక్టరు గారు అన్నారు. కానీ ఆ సంగతి ఇక ఎప్పటికీ తెలియదు కదా అన్నారు. చివరికి మూడు నెలలు గడువు ఇచ్చారు. ఆలోపు ఎప్పుడో తను చెప్పకుండా వచ్చి చూస్తానని, అప్పుడూ పిల్ల చేతులు తీసినా, గొంతు లేవకపోయినా ఇంటికే పంపాలని, ఈసారి నా మాట కూడా వినననీ అన్నారు.

పిల్లకు ఉన్నదున్నట్టు చెప్పాను. మూడు నెలల తర్వాత తండాకు పోతే ఏం చేస్తావని అడిగాను. పెళ్లి చేస్తారని చెప్పింది. చేసుకుంటావా అన్నాను. బట్టలు మళ్లీ దండెం మీద వేసుకుంది.

నేర్పాలంటే ముందు నొక్కడానికి ఒక మనిషి కావాలి. హైదరాబాదులో చదువుకున్నప్పుడు రబ్బరు బొమ్మ మీద నేర్చుకున్నాం. అలాంటిది మాకెక్కడిది? మిర్యాలగూడ పోయినప్పుడు మా ఇంటి పక్క రైస్ మిల్లు నుంచి ఒక గోనె సంచి నిండా ఊక తెచ్చి, మెడా భుజాలూ వచ్చేట్టు కుట్టించాను. మొదటి రోజే తెలిసింది, ఊకను నొక్కితే నొక్కిన చోటే ఉండిపోతుందని. పైకి లేవదు. రెండో రోజు కుట్లు తెగి తరగతి గదంతా ఊక. పిల్లలు కళ్లు నలుపుకుంటూ తుమ్ములు, నవ్వులు. నాకూ నవ్వొచ్చింది గానీ దవడ బిగించి నిలబడ్డాను.

తర్వాత సూర్యాపేట బస్టాండు దాటాక లారీలకు సీట్లు కుట్టే ఒక ముసలాయన దగ్గరికి పోయాను. ఏ బండికి సీటు కావాలని అడిగాడు. బండికి కాదు, మనిషి ఛాతీ కావాలన్నాను. ఆయన సూది పక్కన పెట్టి నా ముఖం చూశాడు. విషయమంతా చెప్పాక, తన ఛాతీ తనే రెండుసార్లు నొక్కి చూసుకుని, లోపల స్ప్రింగు, చుట్టూ కొబ్బరిపీచు, పైన ఎర్రమట్టి రంగు రెగ్జిన్ వేసి వారంలో ఇచ్చాడు. తలకు చిన్న దిండు, నోటి దగ్గర గరాటు. "ఎంత నొక్కినా కూసోదమ్మా. గ్యారంటీ నాది," అన్నాడు. మనుషులకు లేని గ్యారంటీ మా బొమ్మకు దొరికింది.

పిల్లలు ఆ బొమ్మకు 'పెద్దాయన' అని పేరు పెట్టారు. పేరు పెట్టడంతోనే చిక్కు మొదలైంది. నొక్కుతున్న పిల్ల కాలు పెద్దాయనకు తగిలితే చాలు, నొక్కడం ఆపి, ఆయన్ని ముట్టుకుని కళ్లకద్దుకునేది. ఒక పిల్లయితే మూడుసార్లు అద్దుకుంది. నువ్వు దండం పెట్టేలోపు ఆయన దేవుడి దగ్గరికే పోతాడే అని నేను అరిచాను. ఆ అలవాటు మాన్పించడానికి నాలుగు రోజులు పట్టింది. కాలు తగిలితే తర్వాత మొక్కుకోండి, బతికితే ఆయనే క్షమిస్తాడని చెబితే అప్పుడు ఒప్పుకున్నారు.

పనులు నాలుగుగా విడగొట్టాను. ఒకరు ఛాతీ నొక్కాలి. ఒకరు తల దగ్గర కూర్చుని, ముక్కూ నోటి మీద మాస్కు అదిమి, అంబు బ్యాగు అనే రబ్బరు తిత్తి పిండుతూ ఊపిరి ఇవ్వాలి. ఒకరు సూది మందు, సెలైను చూడాలి. నాలుగో మనిషి డాక్టరుకు కబురంపి వచ్చి తలుపు కాయాలి. డాక్టరు వచ్చేలోపు ఏ సూది ఎంత ఇవ్వొచ్చో ఆయనచేతే రాయించి గోడకు అంటించాను. నొక్కేవాళ్లు అలసిపోతే చెప్పి మారాలి. ఎవరు ఏ పనో చెప్పాల్సింది మాత్రం మంచం దగ్గరికి ముందు చేరిన పిల్ల. ఆ పిల్ల ఎంత చిన్నదైనా సరే.

మా మంచాలు నడుము దగ్గర కుంగి ఉండేవి. వాటి మీద నొక్కితే మనిషి కన్నా మంచమే ఎక్కువ దిగేది. కాబట్టి మనిషిని నేల మీదికి దించి నొక్కండని చెప్పాను. పిల్లలందరూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. చివరికి ఒక పిల్ల చెప్పింది, "కింద పండవెడితె ఇగ పానం పోయిందనుకుంటరు మేడం. ఇంటోళ్లు శోకాలు మొదలువెడ్తరు, మన చేతులు గుంజేస్తరు." నిజమే. మా ఇళ్లలో ప్రాణం పోయేటప్పుడే మనిషిని మంచం మీద నుంచి దించుతారు. పుస్తకం రాసినవాళ్లకు ఆ సంగతి తెలియదు. నేను ఈ ఊళ్లలోనే పుట్టి కూడా అది ఆలోచించలేదు. తలుపు కాసే మనిషికి ఇంకో పని కలిపాం. ఇంటివాళ్ల దగ్గరికి పోయి, దించింది పోయినందుకు కాదు, బతికించుకోవడానికని చెప్పాలి. అందరిలోకీ ఆ పనే కష్టమని తర్వాత తెలిసింది.

అంతా బాగానే కుదురుతోంది. కానీ నేను గదిలోకి వస్తే చాలు, అందరూ లేచి నిలబడేవాళ్లు. లేవొద్దని చెప్పాను. బతిమాలాను. చివరికి లేస్తే ఊరుకోనని గట్టిగా అరిచాను. ఆ అరుపుకే ఇరవై మందీ లేచి నిలబడ్డారు. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. వాచ్‌మన్‌ను పంపితే వాచ్‌మన్‌కూ లేచారు, వయసులో పెద్దవాడని.

తండా పిల్లది ఇంకో బాధ. చేతులు తీయకుండా నేర్చుకుంది గానీ నోరు రాలేదు. నేనే పెద్దాయన తల దగ్గర కూర్చుని, నన్ను ఒక పనిమనిషనుకుని పని చెప్పమన్నాను. పిల్ల చెమటలు కక్కుతూ, "మేడం... జర గాలి ఇస్తరా మేడం..." అని అడిగేది. తిరిగి నేను ఇవ్వనంటే ఊరుకుంటుందేమో అన్నట్టుండేది. నెలన్నర గడిచింది. పెద్ద డాక్టరు గారు వరండాలో ఎదురైనప్పుడల్లా ఆ పిల్ల ఎలా ఉందని అడిగేవారు. బాగుందనేదాన్ని. అబద్ధం.

ఒక ఆదివారం పిల్లలు పెరట్లో బట్టలు ఉతుక్కుంటున్నారు. నేను గోడ మీద కూర్చున్నాను. తండా పిల్ల సెలవుల్లో ఏం చేస్తుందని మాట వరసకు అడిగాను. వాళ్ల అమ్మతో కలిసి మిర్యాలగూడ వైపు, సాగర్ కాలువ కింద నాట్లకు పోతుందట. చెయ్యి వేగం కాబట్టి పోయినేడు పన్నెండు మంది ముఠాకు తనే ముందు నడిచిందట. ఆ పన్నెండు మందిలో వాళ్ల అమ్మ, ఇద్దరు మేనత్తలు, వరసకు అవ్వ ఒకామె ఉన్నారట. వాళ్లకు పని ఎవరు చెప్పారు అన్నాను. నేనే అంది. ఎట్లా చెప్పావన్నాను.

"జరుగు అంటే జరుగుతరు మేడం. నారు అందియ్యి అంటే అందిస్తరు. మళ్లల్ల దిగినంక అత్త, అవ్వ అని ఉండదు. వంగినోళ్లు లేస్తే నాటు ఆగుతది. ఒడ్డెక్కినంక మళ్ల కాళ్లు మొక్కుతం." ఇంత పొడుగు మాట ఆ పిల్ల నోట నేను వినడం అదే మొదలు. వింటున్నంతసేపూ సబ్బు చేతిలోనే ఉంది.

నేను ఇన్ని రోజులుగా పుస్తకాల్లోంచి తీసి నేర్పబోయింది ఆ పిల్లకు ముందే వచ్చు. ఎక్కడ వచ్చో నేనే అడగలేదు.

మర్నాడు పెద్దాయన్ను గది మధ్యలో పడుకోబెట్టి, ఇది మడి అని చెప్పాను. దిగినవాళ్లు లేవకూడదు. ముందు దిగిన పిల్లే ముఠాకు పెద్ద. డాక్టరొచ్చినా, నేనొచ్చినా, సాక్షాత్తు జిల్లా కలెక్టరొచ్చినా మడిలో దిగితే కూలికి వచ్చినట్టే, చెప్పిన పని చేయాలి. మర్యాదలు ఒడ్డెక్కాక. పిల్లల్లో సగం మంది నాట్లు వేసినవాళ్లే. వాళ్ల ముఖాలు విప్పారాయి. ఒకరిద్దరు చీర కుచ్చెళ్లు కూడా ఎగదోపారు, అలవాటుగా.

లెక్క పైకి వినపడాలని నా నియమం. అయిదు నొక్కులకు ఒక ఊపిరి అప్పట్లో. తండా పిల్ల తెలుగులో లెక్కపెడితే ఎదుటి పిల్లకే వినపడేది కాదు. ఆ రోజు ఊపులో పడి, "ఏక్, ది, తీన్, చార్, పాంచ్" అని ఇంటి మాటలో మొదలుపెట్టింది. గది దద్దరిల్లింది. ఒక పిల్ల కిసుక్కున నవ్వితే నేను చూసిన చూపుకు నవ్వు గొంతులోనే ఆగిపోయింది. తల దగ్గరున్న పిల్ల పాంచ్ అనగానే తిత్తి పిండింది. దానికి ఆ భాష రాదు, అయినా ఒక్కసారి తప్పలేదు. వారం తిరిగేసరికి మా తరగతంతా ఏక్, ది, తీనే.

గడువుకు ఇంకా పదకొండు రోజులున్నాయి. ఉదయం పదకొండు గంటలప్పుడు నేను కొత్త బ్యాచ్‌కు కట్లు కట్టడం నేర్పుతున్నాను. ఒక పిల్ల తలుపులోంచి తల పెట్టి, వార్డులో ఒకామెకు నాడి లేదని, డాక్టరు గారికి కబురు చెప్పడానికి తనొక్కతే పోతున్నానని చెప్పి ఉరికింది. తనొక్కతే అన్న మాట ఆ కంగారులోనూ నా చెవికి తియ్యగా తగిలింది.

వార్డుకు పరిగెత్తాను. కలుపు తీస్తుంటే పాము కరిచిందని పొద్దున ఒకామెను తెచ్చారు. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. విషానికి విరుగుడు మందు సెలైనులో ఎక్కిస్తున్నారు. ఆ మందు కొందరికి పడదు. ఒళ్లంతా దద్దుర్లు వచ్చి, ఆయాసం వచ్చి, చూస్తుండగానే నాడి అందకుండా పోయింది. నేను పోయేసరికి ఆమె నేల మీద ఉంది. తండా పిల్ల మోకాళ్ల మీద కూర్చుని నొక్కుతోంది. ఒక పిల్ల తల దగ్గర తిత్తితో, ఒక పిల్ల ఆమె చేతి దగ్గర, గుండెను లేపే అడ్రినలిన్ సూదితో ఉన్నారు. విరుగుడు సెలైను అప్పటికే ఆపేశారు. తలుపు దగ్గర మాత్రం ఎవరూ లేరు, తలుపు కాయాల్సిన పిల్లే కదా డాక్టరు కోసం పోయింది. పాము కరిచినామె అత్త, కోడలిని కిందికి దించడం చూసి గుండెలు బాదుకుంటూ లోపలికి వచ్చి పడింది. వెనకాల ఇంకో పదిమంది. ఒకాయన అప్పుడే నొక్కుతున్న పిల్ల భుజం పట్టుకుని గుంజబోతున్నాడు.

అప్పుడు నేనేం చేశానో దాచుకోను. ఇన్ని నెలలు నేర్పినదంతా మరచిపోయాను. ఆ పిల్ల వల్ల కాదని అనుకున్నాను. పక్కన మోకాళ్ల మీద కూలబడి, దాని చేతులు పక్కకు తోస్తూ, "జరుగు, నేను చేస్త," అన్నాను.

పిల్ల చేతులు తీయలేదు. తల ఎత్తలేదు. "మేడం, నేను చేస్తున్న. మీరు తలుపు కాడికి పోండి. ఆ అత్తకు చెప్పి అందర్ని బయటికి తీస్కపోండి," అంది. ఆ వెంటనే "చార్, పాంచ్" అంది.

అందులో జర లేదు, ఇస్తరా లేదు. నా ఒంట్లో ఇంత కోపం ఉంది కదా, ఒక్క చుక్క కూడా రాలేదు. లేచి పోయాను. ఆ అత్త రెండు చేతులూ పట్టుకుని, దించింది పోయినందుకు కాదమ్మా, మంచం మెత్తగుంది, బతికించుకోవాలంటే నేల గట్టిగుండాలని చెప్పాను. ఆమెకు ఎంత ఎక్కిందో తెలియదు, నాతో నడిచింది. మిగతావాళ్లను తోసుకుంటూ బయటికి తెచ్చి, తలుపు మూసి, లోపలి గొళ్లెం పెట్టుకుని, తలుపుకు ముఖం పెట్టి నిలబడ్డాను. వీపు వెనక లెక్క వినిపిస్తోంది. బయటి నుంచి చేతులు తలుపు మీద పడుతున్నాయి.

పెద్ద డాక్టరు గారు వచ్చారు. గొంతు గుర్తుపట్టి ఆయన పట్టేంత సందిచ్చి మళ్లీ గొళ్లెం పెట్టాను. ఎవరూ లేచిన చప్పుడు లేదు. లెక్క ఆగలేదు. తను నొక్కుతానని ఆయన అన్నట్టున్నారు. వద్దు సార్, మీరు మెడ కాడ నాడి చూడండని పిల్ల గొంతు. ఆయన మోకాళ్ల మీద కూర్చున్న చప్పుడు. ఇంకో సూది ఇమ్మని ఎవరో ఎవరికో చెప్పారు. నొక్కే పిల్ల మారింది, లెక్కలో గొంతు మారింది. మళ్లీ తండా పిల్ల గొంతు వచ్చింది.

తర్వాత లెక్క ఆగిపోయింది.

నొక్కడం రెండు కారణాలకే ఆపుతారు. నేను తిరిగి చూడొచ్చు. మూడు అడుగుల దూరం. కానీ నాకిచ్చిన పని తలుపు. బయట ఆ అత్త ఏడుపు కూడా ఆగిపోయింది, ఆమె కూడా లోపలి చప్పుడు కోసమే చెవి ఒగ్గిందేమో. నేను చెక్క మీద చెయ్యి ఆనించి నిలబడ్డాను. నాకు పెద్దగా మొక్కే అలవాటు లేదు. ఆ కాసేపు అందరికీ మొక్కాను.

"మేడం," అంది పిల్ల. గొంతు బొంగురుపోయింది. "నాడి వచ్చింది. ఊపిరి కూడ తీస్తున్నది. ఆ అత్తనొక్కదాన్నే లోపలికి పంపండి."

తలుపు తీశాను. ఆ ఒక్కామెనే పంపి మళ్లీ మూశాను. ఆమె కోడలి పక్కన కూలబడి, పొట్ట లేచి దిగడం చూస్తూ, ఆ పిల్ల మోచేతిని పట్టుకుని కూర్చుంది. పిల్ల ఇంకా లేవలేదు. రెండు వేళ్లు ఆమె మెడ మీదే ఉంచింది.

కాసేపటికి డాక్టరు గారు ప్యాంటు మోకాళ్ల మీది దుమ్ము దులుపుకుంటూ నా దగ్గరికి వచ్చారు. "మీరేంటండీ ఇక్కడ నిలబడ్డారు? మిమ్మల్నెవరు నిలబెట్టారు?" అని అడిగారు. ఆ పిల్లేనని చెప్పాను. ఆయన వెనక్కి తిరిగి పిల్లను చూశారు, తర్వాత గొళ్లెం మీదున్న నా చెయ్యి చూశారు.

"అయితే ఆ అమ్మాయిని ఉండనివ్వండి," అన్నారు.

తలుపు తీసి ఆయన్ని బయటికి పంపాను. నా కళ్ల నుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి, తుడుచుకోలేదు. ఇక మీరు పోవచ్చు మేడం అని ఆ పిల్ల చెప్పేదాకా నేను అక్కడి నుంచి కదల్లేదు.